పరుగెత్తిన పాదములు: బిల్లీ సండే జీవితము

వాక్యభాగము: 1 కొరింథీయులకు 9:24–27



పౌలు అపొస్తలుని దినములలో కొరింథు పట్టణమునకు సమీపమున రెండేండ్లకొకసారి గొప్ప ఆటల పందెములు జరుగుచుండెను. పరుగెత్తువారును మల్లయుద్ధము చేయువారును నానా స్థలములనుండి అచ్చటికి వచ్చుచుండిరి. గెలిచినవానికి దొరకునది ఆకులతో అల్లిన కిరీటము. కొలది దినములలో అది వాడిపోవును. ఆ పట్టణపు సంఘమునకు వ్రాయుచు పౌలు ఆ పందెపు రంగమునే దృష్టాంతముగా తీసికొనెను. గురి యెరిగి పరుగెత్తవలెననియు, దేహమును అదుపులో నుంచుకొనవలెననియు బోధించి, చివర తన్ను గూర్చియే ఒక భయమును వెల్లడించెను. ఇతరులను పందెమునకు పిలిచిన తానే తుదకు పందెమునకు తగనివాడుగా తేలునేమో అన్నదే ఆ భయము.

ఈ నెల ఈ వాక్యభాగమును ఒక ఆటగాని జీవితముతో కలిపి ధ్యానింప తలచితిమి. ఆయన పేరు విలియం ఆష్లీ సండే. జనులందరు బిల్లీ సండే అని పిలిచిరి. ఆయన అమెరికా దేశములో 1883 మొదలు 1890 వరకు బేస్‌బాల్ ఆటగాడు. ఆ తరువాత తన మరణము వరకు దేవుని సేవకుడు. ఆయన ప్రసంగములను గూర్చి మీలో కొందరు వినియుందురు. ఆయన ఆటను గూర్చి తెలిసినవారు మన సంఘములలో తక్కువ. ఆయన యేమి విడిచిపెట్టెనో తెలియనిదే, యేమి పట్టుకొనెనో మనకు బోధపడదు. గనుక ఆటను గూర్చియు కొంత వివరముగానే చెప్పుదుము.

తండ్రి చూడని బిడ్డ

బిల్లీ 1862 నవంబరు 19న అయోవా రాష్ట్రములో, ఏమ్స్ అను ఊరికి సమీపమున పుట్టెను. తండ్రి వంశమువారు జర్మనీ నుండి వలస వచ్చినవారు. వారి ఇంటిపేరునకు జర్మన్ భాషలో ఆదివారమని అర్థము. అమెరికా దేశములో స్థిరపడిన తరువాత అదే మాట సండే ఆయెను. సేవకునికి తగిన పేరే గాని, ఆ పేరు పెట్టుకొన్న దినములలో ఆ సంగతి ఎవరికి తెలియును?

అప్పుడు ఆ దేశములో ఉత్తరమునకును దక్షిణమునకును అంతర్యుద్ధము జరుగుచుండెను. తండ్రి ఉత్తర సైన్యములో చేరి మిస్సోరీ రాష్ట్రమునకు పోయెను. బిడ్డ పుట్టిన అయిదు వారములలోనే శిబిరములో రోగము తగిలి మరణించెను. కుమారుని ముఖమును చూడనే లేదు. తల్లి మేరీ జేన్ కొంతకాలము తన తలిదండ్రుల పొలముననే యుండెను. మరల వివాహము చేసికొనెను గాని, ఆ రెండవ భర్త కుటుంబమును విడిచి వెళ్ళిపోయెను. పిల్లలను పోషించు దారి లేక ఆమె బిల్లీని, అతని అన్న ఎడ్‌ను సైనికుల అనాథ పిల్లల శరణాలయమునకు పంపెను. మొదట గ్లెన్‌వుడ్‌లోను, తరువాత డావెన్‌పోర్ట్‌లోను వారు పెరిగిరి.

తల్లి బ్రదికియుండగానే అనాథల నడుమ పెరుగుట యెంత బరువో ఊహించుడి. మన పల్లెలలోను పిల్లలను మిషను హాస్టలుకు అప్పగించి, గేటు దాటువరకు వెనుకకు తిరిగి తిరిగి చూచిన తల్లులు కలరు. ఆ తల్లులు కఠినులు కారు. ఆకలి కఠినమైనది. మేరీ జేన్ తన కుమారునికి ఆస్తి యేమియు ఇయ్యలేకపోయెను. అయినను గుడిసెలో పని చేసికొనుచు పాడిన భక్తి పాటలు కొన్ని అతని చెవులలో నిలిచిపోయెను. ఆ పాటలు యెక్కడ ఫలించెనో ముందు చూతము.

శరణాలయములో బిల్లీ సమయమునకు లేచుట, పని చేయుట, శుభ్రముగా నుండుట నేర్చుకొనెను. కొంత చదువు వచ్చెను. పరుగులో తన్ను మించినవాడు అచ్చట లేడని కూడ తెలిసికొనెను. పదునాలుగేండ్ల వయస్సునకే తన కూడు తాను సంపాదించుకొనవలసి వచ్చెను. అయోవాలోనే నెవాడా అను ఊరిలో, పూర్వము ఆ రాష్ట్రపు ఉపగవర్నరుగా నుండిన కర్నల్ జాన్ స్కాట్ యింట గుఱ్ఱపు పిల్లలను మేపుచు, ఇతర పనులు చేయుచు బడికి వెళ్ళెను. ఆ దంపతులు అతనిని పనివానిగా మాత్రము చూడక ఇంటివానిగా చూచిరి. 1880లో అతడు మార్షల్‌టౌన్ అను పట్టణమునకు మారెను. ఆ దినములలో ఊళ్ళ అగ్నిమాపక దళములు ఒకదానితో ఒకటి పరుగు పందెములలో పోటీపడుచుండెను. అతని వేగమును గూర్చి వినియే అచ్చటివారు తమ దళములోనికి తీసికొనిరి. అతడు అంగళ్ళలో పని చేయుచు, ఖాళీ సమయములలో ఊరి బేస్‌బాల్ జట్టులో ఆడసాగెను.

ఆ ఆట యెట్టిది

బేస్‌బాల్ మన యువకులెరిగిన క్రికెట్టుకు దూరపు చుట్టము వంటిది. మైదానములో నాలుగు మూలల నాలుగు గుర్తులుండును. వాటిని బేసులందురు. ఒకదానికిని తరువాతి దానికిని 90 అడుగుల దూరము. విసరిన బంతిని కర్రతో కొట్టినవాడు మొదటి గుర్తుకు పరుగెత్తి, రెండవది, మూడవది చుట్టి, బయలుదేరిన చోటికి క్షేమముగా తిరిగి వచ్చినయెడల ఒక పరుగు లెక్క. ఇంటినుండి బయలుదేరి ఇంటికే చేరుట ఆ ఆటలోని మర్మము. ఆ నాలుగవ గుర్తును వారు ఇల్లు అనియే పిలుతురు.

మైదానపు వెలుపలి భాగమున ముగ్గురు ఆటగాండ్రు నిలుతురు. వారిని ఔట్‌ఫీల్డర్లందురు. ఎత్తుగా దూరముగా వచ్చు బంతిని నేల తాకకముందే పరుగెత్తి పట్టుట వారి పని. బిల్లీ ఆడిన దినములలో ఆ పనిని అనేకులు తొడుగు లేని వట్టి చేతులతోనే చేయుచుండిరి.

ఒక గుర్తు మీద నిలిచినవాడు, బంతి విసరువాని కదలికను కనిపెట్టి, కర్రవాడు కొట్టకముందే తరువాతి గుర్తుకు దూకి పరుగెత్తవచ్చును. దీనిని బేసు దొంగిలించుట అందురు. పేరు దొంగతనమే గాని ఆటలో అది న్యాయము. దీనికి కాళ్ళ వేగము మాత్రము చాలదు. ఎదుటివాని భుజమును చదువు కన్ను కావలెను, క్షణములో తేల్చుకొను బుద్ధి కావలెను, దుమ్ములో జారిపడుటకు వెరవని ధైర్యము కావలెను.

మరియొక ఆచారమును చెప్పవలెను. ఆ ఆట లెక్క పుస్తకములో ఆటగాడు సాధించిన పరుగులే గాక, పట్టవలసిన బంతిని జారవిడిచిన తప్పులు కూడ అతని పేరున వ్రాయుదురు. ఎంత గొప్ప ఆటగాడైనను తప్పుల వరుస కొట్టివేయబడదు. ఈ సంగతిని జ్ఞాపకముంచుకొనుడి.

చికాగో జట్టులో

ఆ కాలమున చికాగో వైట్ స్టాకింగ్స్, అనగా తెల్లని మేజోళ్ళ జట్టు, ఆ దేశములోనే పేరెన్నికగన్నది. దాని నాయకుడు ఏడ్రియన్ ఆన్సన్. అతని స్వస్థలము మార్షల్‌టౌన్. అచ్చటనున్న అతని పినతల్లి వరుస బంధువు ఒకామె ఈ పడుచువాని పరుగును గూర్చి అతనితో పట్టుబట్టి చెప్పెను. అట్లు 1883లో, ఇరువదియేండ్ల బిల్లీ చికాగో చేరెను. ఆన్సన్ అతనిని జట్టులో మిక్కిలి వేగవంతుడైన ఫ్రెడ్ ఫెఫర్‌తో పరుగెత్తించి పరీక్షించెను. బిల్లీ అతనిని స్పష్టముగా వెనుకవేసెను. అంతవరకు పల్లెటూరివాడని నవ్వినవారు మౌనమైరి.

కాని పరుగు వేరు, ఆట వేరు. మొదటి ఆటలో నాలుగుసార్లు కర్ర పట్టుకొని నాలుగుసార్లును బంతి తగుల్చలేక తిరిగి వచ్చెను. ఒక మంచి దెబ్బ కొట్టుటకు మరి మూడు ఆటలు పట్టెను. వేరొక నాయకుడైన యింటికి పంపివేసియుండును. ఆన్సన్ ఓర్చుకొనెను. వీనికి చేయి కుదరకపోయినను కాళ్ళు గలవని అతడు గ్రహించెను.

అదే జట్టులో మైక్ కెల్లీ యుండెను. జనులు అతనిని రాజు కెల్లీ అనిరి. 1884లోను 1886లోను లీగు అంతటిలో కొట్టుటలో మొదటి స్థానము అతనిదే. 1886లో నూరింటికి 38 చొప్పున దెబ్బలు కొట్టెను. మన బిల్లీ తన ఆటకాలమంతటికి నూరింటికి 25 కూడ చేరలేదు. అందుచేత మొదటి సంవత్సరములలో కెల్లీ కుడివైపు మైదానమున నిలువని దినములలోనే బిల్లీకి చోటు దొరకుచుండెను. జట్టు 1885లోను 1886లోను లీగులో ప్రథమముగా నిలిచెను. ఆ రెండు సంవత్సరములును బిల్లీ ఎక్కువ దినములు బల్లమీదనే కూర్చుండెను.

తనకు లేనిదానిని గూర్చి అతడు దుఃఖపడుచు కూర్చున్నట్టు కానరాదు. ఉన్నదానికి పదును పెట్టుకొనెను. 1885లో వేరొక లీగులో వేగమునకు పేరొందిన ఆర్లీ లాథమ్‌తో 100 గజముల పందెము ఏర్పాటు చేసిరి, బిల్లీ గెలిచెను. నాలుగు గుర్తులును చుట్టి 360 అడుగులు 14 సెకనులలో పరుగెత్తెనని చెప్పుకొందురు. ఎవరును అందుకొనలేని బంతికై అతడు దూకుచుండెను. ఆ తెగువ వలన తప్పులు కూడ చాల చేసెను. అయినను జనులు అతని పరుగును చూచుటకు ఇష్టపడిరి. జట్టు ప్రయాణపు ఖర్చుల లెక్కలు కొన్ని చూచు పనిని కూడ ఆన్సన్ అతనికి అప్పగించెను. శరణాలయములో పెరిగినవాని చేతిలో డబ్బు క్షేమముగా నుండెనన్న మాట.

ఒక తలాంతు పొందినవానిని గూర్చి ప్రభువు చెప్పిన ఉపమానము మనకు తెలియును. అయిదు తలాంతులు లేవని వాడు శిక్షింపబడలేదు. ఉన్న ఒక్కదానిని పాతిపెట్టినందుననే శిక్షింపబడెను. మన సంఘములలో చదువు రానందున సాక్ష్యము చెప్పలేమనువారును, కంఠము లేదని పాట మానినవారును ఈ ఆటగానిని చూడవలెను. అతనికి ఉన్నవి రెండు కాళ్ళు. వాటిని అతడు పాతిపెట్టలేదు.

వీధి మూల పాట

1886 ప్రాంతమున ఒక ఆదివారపు మధ్యాహ్నము బిల్లీ తోటి ఆటగాండ్రతో కలిసి చికాగో వీధులలో త్రాగి తిరిగి, ఒక మూల కూర్చుండెను. పసిఫిక్ గార్డెన్ మిషను అను సువార్త శాలవారు అచ్చట బాజాలతో పాడుచుండిరి. త్రాగుబోతులను, ఇల్లు లేనివారిని ఆదరించుటకు కర్నల్ క్లార్క్, ఆయన భార్య సారా 1877లో స్థాపించిన శాల అది. ఆ పాటలు బిల్లీ యెరిగినవే. అయోవా గుడిసెలో తల్లి పాడినవే. గేటు దగ్గర తల్లిని విడిచిన నాటినుండి లోపల మూసుకొనియున్న తలుపు ఆ పాటలకు తెరచుకొనెను.

అతడు ఆ శాలకు వెళ్ళసాగెను. ఒక్క దినమున అంతయు తేలిపోలేదు. కొన్ని కూటములు లోలోపల పోరాడిన తరువాత, సారా క్లార్క్ అమ్మగారు తల్లివలె దగ్గర కూర్చుండి మాటలాడగా, క్రీస్తుకు తన్ను తాను అప్పగించుకొనెను. తోటి ఆటగాండ్రు ఏమందురో అన్న భయముతో రాత్రులు నిద్ర పట్టలేదని ఆయనే తరువాత చెప్పుచుండెను. మైదానమునకు వెళ్ళగా మొదట చేయి పట్టుకొని ధైర్యము చెప్పినవాడు రాజు కెల్లీయేనని కూడ చెప్పుచుండెను. దేవుడు తన బిడ్డలను ఎవరి నోట బలపరచునో మనము ముందుగా నిర్ణయింపలేము.

ఆ దినములలోనే డిట్రాయిట్ జట్టుతో ఆడుచు, తలమీదుగా పోవు బంతి వెంబడి పరుగెత్తుచు ప్రార్థించితిననియు, జనుల బల్లలు దాటి దానిని పట్టితిననియు ఆయన తరువాత ప్రసంగములలో చెప్పెడివాడు. డిట్రాయిట్ జట్టులోను ప్రార్థించువారు ఉండియుందురు గదా! ఆటలో గెలుపు విశ్వాసమునకు గుర్తు కాదని మా అభిప్రాయము. గుర్తు వేరొకటి: త్రాగుడు, జూదము, ఒట్టు పెట్టుకొనుట అతని జీవితమునుండి తొలగిపోయెను. జీతము వచ్చిన దినమున స్నేహితులు మద్యశాలకు పోగా అతడు వేరు దారిని నడిచెను. సారా దుకాణము ముందునుండి కూలి డబ్బుతో తిన్నగా ఇల్లు చేరుట యెంత పెద్ద యుద్ధమో మన సంఘస్థులకు వేరుగా చెప్పనక్కరలేదు.

అతడు మైదానమునకు దగ్గరనున్న జెఫర్సన్ పార్క్ ప్రెస్బిటీరియన్ సంఘములో చేరెను. అచ్చటనే హెలెన్ తాంప్సన్‌ను కలిసికొనెను. ఆమెను నెల్ అని పిలుచుచుండిరి. ఆమె తండ్రి పాల వ్యాపారములో ధనికుడు. ఆటగాండ్రు నిలకడ లేనివారని తలచి చాలకాలము ఒప్పుకొనలేదు. తుదకు ఒప్పుకొనగా 1888 సెప్టెంబరు 5న వివాహము జరిగెను.

ఎక్కువ జీతము, తక్కువ జీతము

1887లో కెల్లీని బోస్టన్ జట్టుకు 10,000 డాలర్లకు అమ్మిరి. బిల్లీకి చోటు దొరికెను గాని, గాయము వలన 50 ఆటలు మాత్రమే ఆడగలిగెను. 1888లో అతనిని పిట్స్‌బర్గ్ జట్టుకు అమ్మిరి. అచ్చట మైదానపు నడిభాగమున నిలిచి 120 ఆటలు ఆడి, ఆ ఒక్క సంవత్సరములో 71 బేసులు దొంగిలించెను. 1890లో ఆ లెక్క 84కు చేరెను. ఆనాటి లెక్క పద్ధతి నేటిదానికంటె కొంత ఉదారమైనదే. అయినను ఇది గొప్ప సంఖ్య.

ఆ 1890లోనే యజమానులతో తగవు వచ్చి అనేకమంది ఆటగాండ్రు తమ స్వంత లీగు పెట్టుకొని వెడలిపోయిరి. పిట్స్‌బర్గ్ జట్టు 23 ఆటలు గెలిచి 113 ఓడెను. బిల్లీ ఆ జట్టులో నాయకుడుగా నుండెను. ఓడిపోవు జట్టులోను అతడు పరుగు తగ్గింపలేదు. ఆగస్టులో జీతములిచ్చు శక్తి లేక ఆ జట్టువారు అతనిని ఇద్దరు ఆటగాండ్రకును 1,000 డాలర్లకును ఫిలడెల్ఫియా జట్టు కిచ్చివేసిరి.

అప్పటికి అతని హృదయము వేరొక పనివైపు తిరిగియుండెను. ఆట లేని శీతకాలములలో చికాగోలోని వై.ఎం.సి.ఏ. వారితో కలిసి బోధించుచుండెను. ఒడంబడికనుండి విడుదల దొరికినయెడల అది దేవుని పిలుపుగా ఎంచెదనని ప్రార్థించెను, విడుదల దొరికెను. అయితే శోధన కూడ వెంటనే వచ్చెను. 1891 వసంతకాలమున సంవత్సరమునకు 3,000 డాలర్ల ఆట జీతము ఒక చేత, వై.ఎం.సి.ఏ. యిచ్చు నెలకు 83 డాలర్ల జీతము మరియొక చేత కనబడెను. ఈ రెండవది సంవత్సరమునకు వేయి డాలర్లకు నాలుగు తక్కువ. అనగా మూడవ వంతు. అప్పుడు అతనికి 28 ఏండ్లు, కాళ్ళలో వేగము తగ్గలేదు. ఇంట భార్యయు, ఏడాది దాటిన కుమార్తెయు నుండిరి. దేవునికి మాట యిచ్చిన తరువాత ఇక ఆలోచింపవలసినది యేమున్నదని నెల్ తేల్చి చెప్పెనని ఆయన జ్ఞాపకము చేసికొనుచుండెను. ధనవంతుని కుమార్తె ఆ మాట అనుట చిన్న సంగతి కాదు.

అట్లు 499 ఆటలు, 246 దొంగిలించిన బేసులు లెక్క పుస్తకములో విడిచి, అతడు చికాగో వీధులలోనికి నడిచెను. మూడు సంవత్సరములు రోగులను దర్శించెను. బ్రదుకు మీద విసిగి చావబోవువారి యొద్ద కూర్చుండెను. మద్యశాలల తలుపులు తట్టి త్రాగుచున్నవారిని కూటములకు పిలిచెను. ఆ పనికి చప్పట్లు కొట్టు జనము లేదు.

ఆ మద్యశాలలవైపు చూచినప్పుడు ఆయనకు తోటివారు జ్ఞాపకము రాక మానరు. జట్టులో బంతి పట్టుటకు వెనుక నిలిచిన ఫ్రాంక్ ఫ్లింట్ 1892లో మరణించెను. 1894లో ఎడ్ విలియమ్‌సన్, రాజు కెల్లీ మరణించిరి. ముగ్గురును నలువది చూడలేదు. వారిని గూర్చి తీర్పు తీర్చుట మా పని కాదు. వారు ఆయనకంటె గొప్ప ఆటగాండ్రు. ఆ మూల పాట వారికిని వినబడియుండునని తలచినప్పుడు మాత్రము మా మనస్సు కలత చెందుచున్నది.

కిరసనాయిలు దీపముల ఊళ్ళు

1893లో ఆయన విల్బర్ చాప్‌మన్ అను సువార్తికునికి సహాయకుడాయెను. ముందుగా ఊరికి వెళ్ళి గుడారము వేయించుట, పాటకులను సమకూర్చుట, అవసరమైనప్పుడు ప్రసంగించుట ఆయన పని. చాప్‌మన్ ఆ పని మాని సంఘ కాపరిగా వెళ్ళగా, 1896 జనవరిలో అయోవాలోని గార్నర్ అను చిన్న ఊరిలో బిల్లీ సండే తన మొదటి స్వంత కూటములు జరిపెను. తరువాతి పండ్రెండేండ్లు సుమారు 70 ఊళ్ళు తిరిగెను. అవి ఎక్కువగా అయోవాలోను ఇల్లినాయ్‌లోను కరెంటు రాని చిన్న ఊళ్ళు గనుక, కిరసనాయిలు దీపముల చుట్టు అని దానికి పేరు. 1903లో ప్రెస్బిటీరియన్ సంఘము ఆయనను అభిషేకించెను. 1906లో కొలరాడో రాష్ట్రములోని సలైడాలో మంచు తుఫాను గుడారమును నాశనము చేయగా, ఇకమీదట చెక్కలతో కట్టిన పందిరి కావలెనని ఆయన కోరెను. అడుగుల చప్పుడు వినబడకుండ నేలమీద రంపపు పొట్టు పోయుచుండిరి. క్రీస్తును అంగీకరించువారు ఆ పొట్టుమీద నడిచివచ్చి ఆయన చేయి పట్టుకొనుచుండిరి.

మైకులు లేని కాలమున వేల జనమునకు వినబడునట్లు ఆయన బోధించెను. వేదికమీద ఆటగానివలె పరుగెత్తుచు, ఇల్లు చేరు ఆటగానివలె నేలమీద జారుచు పాపి తండ్రి యింటికి చేరు విధమును చూపెను. కొందరు నవ్విరి, కొందరు ఆక్షేపించిరి, అనేకులు ఏడ్చి ప్రార్థించిరి. ఆయన ప్రసంగములలో ఎక్కువ పేరుపొందినవి మద్యమునకు విరోధమైనవి. 1917లో న్యూయార్కులో వచ్చిన 1,20,500 డాలర్ల కానుకను యుద్ధకాలపు సహాయ సంఘముల కిచ్చెను. 1918లో చికాగోలో వచ్చిన 58,000 డాలర్లను పసిఫిక్ గార్డెన్ మిషనుకు ఇచ్చివేసెను. వీధి మూల పాడినవారి ఋణమును ఆయన మరువలేదు.

తప్పుల వరుస

ఇప్పుడు లెక్క పుస్తకములోని ఆ రెండవ వరుసను చూడవలెను. పరిశుద్ధ గ్రంథము దావీదు తప్పును దాచలేదు, పేతురు తప్పును దాచలేదు. మేము మాత్రము ఎట్లు దాచుదుము?

ఆయనకు ధనము వచ్చెను. విలువైన దుస్తులు ధరించెనని విమర్శ కలిగెను. 1917లో దక్షిణ దేశపు అట్లాంటాలో ఆయన కూటములు తెల్లవారికి వేరుగాను నల్లవారికి వేరుగాను జరిగెను. ఆ దేశపు ఆచారమదే, నిజమే. కాని వేరు బావి, వేరు గ్లాసు ఎరిగిన మన తాతలు ఆ మాటను తేలికగా దాటిపోరు. ప్రభువు బల్లయొద్ద రెండు వరుసలు లేవు. మద్యమునకు ఎదురు నిలిచిన ఆ కంఠము ఆ ఆచారమునకును ఎదురు నిలిచియుండిన ఎంత మేలై యుండును!

అన్నిటికంటె బరువైనది ఇంటి సంగతి. ఆయనకు హెలెన్ అను కుమార్తెయు, జార్జ్, బిల్లీ, పాల్ అను కుమారులును గలరు. 1908లో తలిదండ్రులిద్దరు పిల్లలను ఒక దాదికి అప్పగించి కూటముల పనిలో మునిగిరి. నెల్ ఆ పనినంతటిని దక్షతతో నడిపెను. పందిళ్ళు నిండెను. కాని తండ్రి వేదికమీదనుండి యేవి మానుడని బోధించెనో, పెరిగిన కుమారులు వాటినే పట్టుకొనిరి. 1932లో హెలెన్ మరణించెను. 1933లో జార్జ్ తన ప్రాణమును తానే తీసికొనెను. చావబోవువారి యొద్ద కూర్చుండి వారిని నిలిపిన ఆ తండ్రి తన కుమారుని నిలుపలేకపోయెను. ఆ దంపతుల దుఃఖమును మేము కొలువజాలము. వారిని నిందించుటకు మాకు నోరు లేదు.

ఈ మాట వ్రాయుచుండగా మా కలము ఆగినది. మేమును కాపరులమే. సాయంకాలము సైకిలు తీసి పల్లెలకు వెళ్ళి, ప్రార్థనలు ముగించి ఇల్లు చేరునప్పటికి మా పిల్లలు నిద్రపోయిన రాత్రులు అనేకము. వారు మా ప్రసంగములను వినుచున్నారు. మేము వారి మాటలను వినుచున్నామా? తన యింటివారిని ఏలనేరనివాడు దేవుని సంఘమును ఎట్లు కాపాడునని పౌలు తిమోతికి వ్రాసిన భాగమును మేము సెమినరీలో పరీక్ష కొరకు చదివితిమి. ఇప్పుడు అది మమ్మును పరీక్షించుచున్నది. ఇకమీదట వారములో ఒక సాయంకాలము ఏ కూటమును పెట్టుకొనక మా యింటనే కూర్చుండి, పిల్లలతో కుటుంబ ప్రార్థన చేయుటకు నిర్ణయించుకొంటిమి. సంఘస్థులు దీనికి ఓర్చుకొందురని నమ్ముచున్నాము. కాపరులు మాత్రమే గాదు, పట్టణములకు కూలికి వెళ్ళు తండ్రులును, సంఘపు పనులలో మునిగిన పెద్దలును ఈ సంగతిని ఆలోచించుదురు గాక.

చివరి గుర్తు

బిల్లీ సండే తుదివరకు పరుగు ఆపలేదు. కుమారుని పాతిపెట్టిన తరువాతను, దేహము బలహీనమైనను బోధించుచునే యుండెను. ఫిలిప్పీ చెరసాల నాయకుడు రక్షణను గూర్చి అడిగిన ప్రశ్నయే ఆయన కడపటి ప్రసంగమునకు మూలవాక్యము. ఆ తరువాత ఒక వారమునకు, 1935 నవంబరు 6న, తాను ఆడి, త్రాగి, రక్షింపబడిన చికాగో నగరములోనే మరణించెను. ఆయనకు 72 ఏండ్లు. నెల్ 1957 వరకు జీవించి, సువార్త పని చేయువారికి తోడుగా నిలిచెను.

ఆయన లెక్కలో రెండు వరుసలును గలవు. మన లెక్కలోను గలవు. మన నిరీక్షణ పరుగుల సంఖ్యమీద నిలిచినయెడల మనలో ఎవడు నిలువగలడు? తప్పుల వరుసకు ఎదురుగా తన రక్తముతో కొట్టివేత గీసిన ప్రభువు మనకున్నాడు. ఆయన కృపను నమ్మి, ఉన్న ఒక్క తలాంతును పాతిపెట్టక పరుగెత్తుదము. పరుగెత్తునప్పుడు మన చేయి పట్టుకొన్న చిన్నవారిని వెనుక విడువకుందము. ఇంటినుండి బయలుదేరి ఇంటికి చేరుటయే ఆ ఆటలోని మర్మమని చెప్పితిమి గదా. తండ్రి యింటికి మనము ఒంటరిగా గాక, మన బిడ్డలతో కూడ చేరునట్లు ప్రభువు సహాయము చేయును గాక. ఆమేన్.